పల్లెకు కాపురము మార్చుటకు ముందు
(రాయలసీమ గ్రామముల శీతోష్ణస్థితి, కీటకములు, భద్రత: ఒక పరిశీలన)

ఉద్యోగము పురుషలక్షణమని మన పెద్దలు చెప్పిరి. నేడు అది స్త్రీలకును లక్షణమైనది. మన కళాశాలలో పట్టము పుచ్చుకొన్న యువతీయువకులలో కొందరు ఉపాధ్యాయులుగను, కొందరు బ్యాంకు ఉద్యోగులుగను, కొందరు గ్రామ సచివాలయములలో సిబ్బందిగను పల్లెలకు పోవుచున్నారు. నియామకపత్రము చేతికందిన దినమున ఇంట పండుగ. ఆ పత్రముపై రాయలసీమలోని ఒక మారుమూల గ్రామము పేరు కనబడిన మరుక్షణము ఆ పండుగ వాదవివాదముగా మారును. "అక్కడ ఎండలట, తేళ్ళట, ఫ్యాక్షన్లట, పోవద్దు బేటా" అని అమ్మీ కంటతడి పెట్టును. "నోటికాడి కూడు కాలదన్నుకొందుమా?" అని అబ్బా గద్దించును. ఇరువురి మాటలోను కొంత సత్యము కలదు. కాని ఇరువురును తూచి చెప్పినవారు కారు. భయపడి మానుకొన్నచో జీవనోపాధి పోవును. ఏమరుపాటున పోయినచో ప్రాణమునకే ముప్పు రావచ్చును. కావున ఇట్టి నిర్ణయమును ఏ విధముగా తూచవలెనో ఈ వ్యాసమున పరిశీలింతము.

తూనికరాళ్ళు మూడు

ఏ అపాయమునైనను మూడు రాళ్ళతో తూచవలెను. అది ఎంత తరచుగా వచ్చును? వచ్చినచో ఎంత కీడు చేయును? దానిని మన చేతనైన పనితో ఎంతవరకు తప్పించుకొనవచ్చును? లోకములో సాధారణముగా రెండవ రాతితో మాత్రమే తూచుదురు. అందుచేతనే పాము పేరు చెప్పిన ఉలికిపడువారు నీటితొట్టిలో ఈదుచున్న దోమపిల్లలను చూచి ఉలికిపడరు. కంటికి పెద్దదిగా కనబడునది పెద్ద అపాయమనుకొనుట మనుష్యస్వభావము. దీనిని చరిత్ర ఎట్లు ఖండించినదో రాయలసీమనుండియే ఒక ఉదాహరణము చూడుడు.

1800 లో నిజాము ఆంగ్లేయులకు ఇచ్చివేసిన దత్తమండలములే నేటి రాయలసీమకు మూలము. "రాయలసీమ" అను పేరు 1928 నంద్యాల సభలో ఏర్పడినది. ఆ దత్తమండలములకు తొలి ప్రధాన కలెక్టరుగా వచ్చిన సర్ థామస్ మన్రో 1807 వరకు, అనగా ఏడేండ్లు, ఎక్కువకాలము గుడారములలో నివసించుచు ఊరూర తిరిగెను. ఆ ఎండలు, ఆ పాములు, ఆ తేళ్ళు అతనిని ఏమియు చేయలేకపోయినవి. తరువాత మద్రాసు గవర్నరై, మరల ఈ సీమను చూడవచ్చి, 1827 జూలై 6న కర్నూలు ప్రాంతములోని పత్తికొండలో కలరా సోకి ఒక్క దినములోనే మరణించెను. గవర్నరును బలిగొన్నది కంటికి కనబడని సూక్ష్మజీవి. ఆ సూక్ష్మజీవి ఆహారపానీయముల ద్వారా వ్యాపించునను సంగతి నాడు వైద్యులకే తెలియదు. నేడు మనకు తెలియును. తెలిసియు తూచకపోవుట మన లోపమగును.

శీతోష్ణస్థితి

రాయలసీమ అంతయు ఒకే కొలిమి అనుకొనుట పొరపాటు. పడమటి కనుమలు నైరుతి ఋతుపవనములను అడ్డగించుటచే పూర్వపు అనంతపురం జిల్లా వర్షచ్ఛాయలో పడినది. అచ్చట సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే కురియును. తూర్పువైపున తిరుపతి, రాజంపేట ప్రాంతములకు అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనములును, బంగాళాఖాతములోని వాయుగుండములును వానలు తెచ్చును. ఎత్తును బట్టియు భేదము కలదు. సముద్రమట్టమునుండి వేయి మీటర్లు పైకి పోయినకొలది ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గును. కర్నూలు 300 మీటర్లకు లోపున, మదనపల్లె 700 మీటర్లకు చేరువలో ఉన్నవి. కావున ఒకే మే నెలలో, ఒకే సీమలో, ఎత్తు ఒక్కదానిచేతనే రెండు మూడు డిగ్రీల తేడా ఏర్పడును. "రాయలసీమకు పోవచ్చునా?" అను ప్రశ్నకు అర్థము లేదు. "ఏ ఊరికి?" అనునదే సరియైన ప్రశ్న.

ఎండ నిజముగా ప్రాణాపాయకరమే. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వడగాడ్పులకు రెండువేలకు పైగా ప్రజలు మరణించిరి. మన శరీరము చెమట ఆవిరియగుటచే చల్లబడును. గాలి పొడిగా ఉన్న అనంతపురమున చెమట వేగముగా ఆరిపోవును; అందుచే శరీరమునుండి నీరు పోవుచున్నట్లే తెలియదు. గాలిలో తేమ అధికమైన నెల్లూరు వంటి తీరమున చెమట కారుచునే యుండును, కాని ఆరదు, శరీరము చల్లబడదు. మొదటిచోట దాహము వేయకమునుపే నీరు త్రాగుట ముఖ్యము. రెండవచోట గాలి తగులునట్లు చూచుకొనుట ముఖ్యము. క్రొత్త ఎండకు శరీరము అలవాటు పడుటకు ఒకటి రెండు వారములు పట్టును. కావున ఏప్రిల్, మే నెలలలో క్రొత్తగా పోయినవారు తొలి పదిదినములు మధ్యాహ్నము బయట శ్రమింపరాదు. ఎండదెబ్బ తగిలి మాట తడబడుచున్న మనిషిని నీడకు చేర్చి, ఒడలంతయు నీటితో తడిపి, విసరుచు, వెంటనే ఆసుపత్రికి పంపవలెను. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు.

శీతోష్ణస్థితికి మనము లేని మహిమను కూడ అంటగట్టుదుము. మదనపల్లె సమీపమున 1915 లో ఆరోగ్యవరము అను క్షయరోగ చికిత్సాలయము వెలసెను. అచ్చటి పొడిగాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము రోగమును కుదుర్చునని నాటి వైద్యుల నమ్మకము. ఎందరో కుటుంబములను విడిచి, నెలల తరబడి అట్టి ఆలయములలో గడిపిరి. 1956 లో మద్రాసులో ప్రారంభమైన ఒక పరిశోధన ఈ నమ్మకమును పరీక్షించెను. రోగులలో కొందరిని చికిత్సాలయమునను, కొందరిని ఇరుకైన వారి పేద ఇండ్లలోనే ఉంచియు ఒకే మందులిచ్చిరి. 1959 లో వెలువడిన ఫలితములను బట్టి రెండు వర్గములకును ఇంచుమించు సమానముగనే గుణము కనబడెను. గాలికంటె మందు ముఖ్యమని తేలెను. "మంచి గాలి ఉన్న ఊరు" అని విని వృద్ధులైన తల్లిదండ్రులను తీసికొనిపోదలచినవారు ఈ పాఠమును మరువరాదు. గాలి ఎట్లున్నది అని అడుగుటకు ముందు వారి మందులు ఎచ్చట దొరకునో అడుగవలెను.

నివసించు ఇల్లు

బయటి ఎండ దేవుని చేతిలోనిది. ఇంటి ఎండ మన చేతిలోనిది. సీమలోని పాత మిద్దెలు మందపు గోడలతో, పైన చౌడుమట్టి పరచిన కప్పుతో కట్టబడినవి. పగటివేడి ఆ గోడలను దాటి లోనికి వచ్చునప్పటికి ప్రొద్దు క్రుంకును. సిమెంటు రేకుల ఇల్లు అద్దెకు చవక, కాని మే నెలలో అది ఇల్లు కాదు, పొయ్యి. అట్లని మిద్దె నిర్దోషమైనది కాదు. గట్టివాన కురిసినప్పుడు కారును. మరమ్మతు లేనిచో కూలును. గోడల నెరియలలో తేళ్ళు చేరును. దూలములకు చెదలు పట్టును. పుస్తకములు తీసికొనిపోవు ఉపాధ్యాయులు వానిని గోడకు ఆనించి నేలపై పేర్చరాదు. చెదలకు విద్యావంతుల సొత్తనిన మిక్కిలి ప్రీతి. అద్దె కుదుర్చుకొనుటకు ముందు కప్పు, గోడల పగుళ్ళు, తలుపు క్రింది సందు, నీటితొట్టి, మరుగుదొడ్డి అను ఐదింటిని చూచినచో రాబోవు సంవత్సరములో సగము కష్టములు అక్కడనే తెలియును.

నీరు

మన్రో కథ చెప్పిన పాఠము నీటికి సంబంధించినదే. నీటిలో రెండు విధములైన దోషములుండును. కలరా, టైఫాయిడు, విరేచనములు కలిగించు సూక్ష్మజీవులు నీటిని మరిగించినచో నశించును. ఫ్లోరైడు మరిగించినను పోదు. నీరు ఆవిరియైనకొలది దాని సాంద్రత ఇంకను పెరుగును. త్రాగునీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని భారత ప్రమాణము. అనంతపురం ప్రాంతమున అనేక బోరుబావులలో ఇది అధికము. దీనివలన పిల్లల పండ్లపై గోధుమరంగు మచ్చలు, పెద్దల కీళ్ళలోను వెన్నెముకలోను బిగువు ఏర్పడును. ఊరి పిల్లలను నవ్వించి పండ్లు చూచినచో ఆ ఊరి నీటి చరిత్ర కొంత తెలియును. అయినను కంటిచూపుతో తృప్తిపడక, ఆ బోరునీటిని పరీక్ష చేయించిన పిదపనే చిన్నపిల్లల కాపురము పెట్టవలెను.

కీటకములు

కీటకములలో అగ్రస్థానము దోమది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొనెను. అంతవరకు లోకము ఆ జ్వరమునకు చెడుగాలి కారణమని నమ్మినది; మలేరియా అను ఇటలీ మాటకు అర్థమే చెడుగాలి. ఊరు చెడ్డదని ప్రజలు ఊళ్ళు విడిచిరి. దోషము ఊరి గాలిలో లేదు, నిలువనీటిలో ఉన్నది. మన దేశములో 1950 దశకమున ఆరంభమైన దేశవ్యాప్త పథకములచే మలేరియా బహుగా తగ్గినది. అజాగ్రత్త పెరుగుటచేతను, దోమలు మందులకు అలవాటుపడుటచేతను 1976 లో రోగుల సంఖ్య మరల 64 లక్షలకు పెరిగెను. శత్రువు పోయినదనుకొన్నప్పుడే తిరిగి వచ్చును.

దోమలన్నియు ఒక్కటి కావు. మలేరియాను వ్యాపింపజేయు అనాఫిలిస్ జాతులలో ఒకటి పంటకాలువలలోను, నీటిగుంటలలోను పెరుగును. మరియొకటి బావులలోను, ఇంటిపై తొట్లలోను పెరుగును. ఇవి రాత్రివేళ కుట్టును. డెంగ్యూను తెచ్చు ఈడిస్ దోమ పగటివేళ కుట్టును. శుభ్రమైన నిలువనీటిలో పెరుగును. ఇచ్చట ఒక వింత గమనింపదగినది. వానలు లేని ఊరిలో దోమలుండవని తలచుదుము. కాని కుళాయినీరు మూడు నాలుగు దినములకొకసారి వచ్చు ఊరిలో ప్రతి ఇంట తొట్లు, డ్రమ్ములు, బిందెలు నింపి ఉంచుదురు. అవియే ఈడిస్‌కు ఊయలలు. కరవుసీమలో డెంగ్యూ వచ్చుటకు ఇది ఒక కారణము. గ్రుడ్డు దోమయగుటకు సుమారు వారము పదిదినములు పట్టును. కావుననే ఆంధ్రప్రదేశ్‌లో శుక్రవారమును "డ్రై డే"గా పాటింపుమని ఆరోగ్యశాఖ చెప్పినది. తొట్టి ఒలకబోసిన చాలదు. ఈడిస్ గ్రుడ్లు తొట్టిగోడను అంటి, నెలల తరబడి ఎండియు బ్రతికియుండును. గోడలను రుద్ది కడుగవలెను. శుక్రవారము ఎటులను మన ఇండ్లలో శుచిశుభ్రతల దినమే కదా!

దోమకంటెను చిన్నదైన మరియొక శత్రువు స్క్రబ్ టైఫస్‌ను కలిగించు నల్లిజాతి పురుగు పిల్ల. ఇది పొదలలోను, గడ్డిలోను ఉండును. వానలు వెనుకబడిన తరువాత, చలికాలములో ఈ జ్వరము హెచ్చుగా కనబడును. కుట్టినచోట సిగరెట్టుతో కాల్చినట్లు నొప్పిలేని నల్లని మచ్చ పడవచ్చును. అది చంకలలో, నడుము చుట్టు దాగియుండును. వారము గడిచినను తగ్గని జ్వరమునకు మలేరియా, డెంగ్యూ పరీక్షలతో ఆగక దీనిని గూర్చి వైద్యుని అడుగవలెను. సకాలమున గుర్తించినచో డాక్సీసైక్లిన్ వంటి సామాన్యమైన మందుతో నయమగును; ఆలస్యమైనచో ప్రాణాంతకము. గడ్డిపై పండుకొనకుండుట, పొలమునుండి రాగానే స్నానము చేసి బట్టలు మార్చుట దీనికి కవచము.

తేళ్ళు, పాములు

తేలు ఎనిమిది కాళ్ళ జంతువు. శాస్త్రరీత్యా కీటకము కాదు. అయినను గృహిణుల లెక్కలో పురుగే. భీకరముగా కనబడు పెద్ద నల్లని మండ్రగబ్బకంటె చిన్నదైన ఎర్రతేలే అధిక ప్రమాదకరము. దీని విషము గుండెను బాధించును. పిల్లలకు ముఖ్యముగా అపాయము. మహారాష్ట్రలోని మహాడ్ పట్టణ వైద్యుడు హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980 దశకములో ప్రజోసిన్ అను రక్తపోటు మందును దీనికి వాడి ఎందరి ప్రాణములనో కాపాడవచ్చునని చూపెను. కావున మంత్రముతో కాలము పుచ్చక, కుట్టినవాడు చెమటలు పట్టి, వాంతులు చేసికొనుచున్నచో వెంటనే వైద్యుని చెంతకు చేర్చవలెను.

పాములలో ప్రాణములు తీయునవి ముఖ్యముగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి. 2000 మొదలు 2019 వరకు దేశములో పాముకాటుచే సుమారు 12 లక్షలమంది మరణించిరని పరిశోధకుల అంచనా. వారిలో అత్యధికులు గ్రామీణులు. మరణములలో సగము వానకాలపు నాలుగు నెలలలోనే జరిగినవి. ఇది సామాన్యమైన సంఖ్య కాదు. కాని మూడవ తూనికరాయి ఇచ్చటనే పనిచేయును. కట్లపాము రాత్రివేళ ఇంటిలో చొరబడి, నేలపై పండుకొన్నవారిని కరచును. నొప్పి అంతగా తెలియదు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలుట మాత్రమే గుర్తులు. మంచముపై పండుకొని, దోమతెర అంచులను పరుపు క్రిందికి దోపినవానికి ఈ భయము చాలవరకు లేదు. రక్తపింజరి చీకటిలో త్రోవప్రక్కన ఉండును. టార్చిలైటు, చెప్పులకు బదులు బూట్లు దానికి విరుగుడు. ఒక మంచము, ఒక దోమతెర, ఒక టార్చిలైటు: మలేరియానుండి కట్లపాము వరకు ఇన్ని అపాయములను ఇంత తక్కువ వ్యయముతో తగ్గించునది వేరొకటి లేదు.

కాటు పడినచో కోయరాదు, పీల్చరాదు, త్రాడుతో బిగించి కట్టరాదు. కరచిన అవయవమును కదలనీయక ఆసుపత్రికి చేర్చవలెను. ఆ నాలుగు పాముల విషమునకును ఒకే విరుగుడు సూదిమందు మన దేశమున తయారగును. దానికి కావలసిన విషమును సేకరించువారిలో ముఖ్యులు తమిళనాడులోని ఇరుళ జాతివారు; 1978 లో వారు సహకార సంఘముగా ఏర్పడిరి. మందు ఉన్నది, అది మన ఊరి ఆసుపత్రిలో ఉన్నదా అనునదే ప్రశ్న.

భద్రత

భద్రత యనగానే మనవారు సినిమాలలోని బాంబులను, వేటకొడవళ్ళను తలచుకొందురు. సీమలో ముఠాకక్షలు ఉండినమాట నిజమే. అవి ముఖ్యముగా గ్రామాధిపత్యమునకై నాయకులకును, వారి అనుచరులకును మధ్య జరిగినవి. పాఠము చెప్పవచ్చిన పంతులుకు సాధారణముగా వానితో సంబంధము లేదు. ఒక పక్షమువారి ఇంట అద్దెకు దిగుటకు ముందు ఊరి స్థితిగతులు విచారించుట, ఏ పక్షపు తగవులోను మాట కలుపకుండుట చాలును. ఒంటరిగా పోవు ఆడపిల్ల విషయమున అడుగవలసిన ప్రశ్నలు వేరు: బడినుండి ఇంటికి త్రోవలో దీపములున్నవా? చివరి బస్సు ఎన్ని గంటలకు? మరుగుదొడ్డి ఇంటిలోనే ఉన్నదా? పిలిచిన పలుకు పొరుగు ఉన్నదా? ఈ నాలుగింటికి మంచి సమాధానము దొరికినచోట ఇంటివారి భయము సగము తీరును.

ప్రకృతినుండి భద్రత వేరొకటి. కరవుసీమకు వరద రాదనుకొనరాదు. 2009 అక్టోబరులో కర్నూలు నగరము మునిగెను. 2021 నవంబరు 19న చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి దిగువ గ్రామములు కొట్టుకొనిపోయెను. ఏండ్ల తరబడి ఎండియున్న వంక ప్రక్కన చవకగా దొరకు ఇల్లు ఎందులకు చవకయో ఆలోచింపవలెను. పిడుగు సంగతి చూచినచో, 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు గంటలలో 36 వేలకు పైగా పిడుగులు నమోదైనవి. మెరుపు కనబడిన ముప్పది సెకండ్లలోపున ఉరుము వినబడినచో పిడుగు సుమారు పది కిలోమీటర్ల లోపుననే ఉన్నదని అర్థము. అప్పుడు చెట్టుక్రింద కాక, పక్కా ఇంటిలో ఉండవలెను.

నిర్ణయము

ఇప్పుడు మొత్తము తూచి చూతము. పైన చెప్పిన అపాయములలో ఎక్కువభాగము మన అలవాటులచేతను, ఇంటి ఎంపికచేతను తగ్గునట్టివి. మిగిలినవానికి వైద్యము కలదు. కాని ఆ వైద్యము కాలమునకు బద్ధమైనది. కావున పోదలచిన ఊరిని గూర్చి అన్నిటికంటె బరువైన ప్రశ్న ఎండ ఎన్ని డిగ్రీలని కాదు, తేళ్ళెన్నియని కాదు. అర్ధరాత్రి ఆపద వచ్చినచో ఎంతసేపటిలో వైద్యుని చేరగలము అనునదే. 2005 ఆగస్టు 15న నాటి ఉమ్మడి రాష్ట్రమున ఆరంభమైన 108 వాహనము ఆ ఊరికి ఎంతసేపటిలో వచ్చును? సమీప ఆసుపత్రిలో పాముకాటు మందు నిలువ ఉన్నదా? రాత్రి వైద్యుడుండునా? ఈ మూడు ప్రశ్నలను ఊరివారిని, ఆసుపత్రి సిబ్బందిని స్వయముగా అడిగి తెలిసికొనవలెను. డిసెంబరులో ఒకసారి పోయి చల్లగా ఉన్నదని మురిసిపోరాదు. మే నెలలో ఒక మధ్యాహ్నము, వానలలో ఒక రాత్రి ఆ ఊరిలో గడిపినచో నిజము తెలియును. గుండెజబ్బుగల తండ్రి, నెలలు నిండిన భార్య ఉన్నవాడు పల్లెలో ఉద్యోగము చేయుచు ఆసుపత్రిగల మండల కేంద్రమున కాపురముండుట పిరికితనము కాదు, వివేకము.

విద్యార్థులారా! మనము ఒక బదిలీకొరకు తూచుచున్న ఈ అపాయముల నడుమనే ఆ పల్లెప్రజలు తరతరములుగా బ్రతుకుచున్నారు. వారికి బదిలీ లేదు. తేలు ఏ గోడలో ఉండునో, ఏ వంక ఎప్పుడు పొంగునో వారికి తెలిసినంత మనకు తెలియదు. వినయముతో అడిగి నేర్చుకొనవలెను. పాముకాటుకు కట్టు కట్టరాదనియు, తొట్టిగోడలు రుద్ది కడుగవలెననియు మనము చదివి తెలిసికొన్నది వారిలో అందరికి తెలియకపోవచ్చును. ఆ మాట తరగతిలో నలువదిమంది పిల్లలకు చెప్పినచో నలువది ఇండ్లకు చేరును. కావున అమ్మీకి చెప్పవలసిన సమాధానము "నాకు భయము లేదు" అని కాదు. "అన్నియు విచారించితిని, మంచము, దోమతెర, టార్చిలైటు కొంటిని, ఆసుపత్రి ఎంత దూరమో చూచి వచ్చితిని, ఇక పోయి వత్తును" అని. అట్లు చెప్పగలిగినవాడు పోవచ్చును. చెప్పలేనివాడు తెలిసికొని, ఆ తరువాత పోవలెను.